నోరు పిడచకట్టుకుపోకుండా చూస్కోవడం ఎలా? ఉమ్ములో ఉన్న మందు గురించి కొంచెం

పళ్ళ గురించి మాట మొదలైతే చాలు, ఏ పేస్టు వాడుతున్నావ్, బ్రష్షు మెత్తదా గట్టిదా, ఇదే లొల్లి. ఉమ్ము సరిగ్గా ఊరుతుందా అని మాత్రం ఒక్కరూ అడగరు, అడిగితే ఛీ అంటారు కూడా. కానీ బ్రష్షు మన నోట్లో ఉండేది రోజుకి నాలుగైదు నిమిషాలు, మిగతా టైమంతా పళ్ళనీ చిగుళ్ళనీ చూస్కునేది ఉమ్మే. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది, అందులో 99 శాతం నీళ్ళే, ఆ మిగిలిన ఒక్క శాతంలోనే అసలు మతలబంతా ఉంది. కాబట్టి నేను చెప్పేది పెద్దగా ఏదో కొనమని కాదు, మీ నోట్లో ఆల్రెడీ ఉన్నదాన్ని ఆరిపోనివ్వకుండా, దాని పని దాన్ని చేస్కోనివ్వడం ఎలా అని.

ముందు లోపల ఏముందో చూద్దాం. తొందరుంటే ఈ ముక్క వదిలేసి కిందకి వెళ్ళిపోండి, కానీ ఇది తెలిస్తే మిగతావన్నీ ఎందుకు చేయమంటున్నానో తెలుస్తుంది.

లైసోజైమ్ అని ఒక ప్రోటీన్ ఉంది, దీన్ని 1922లో బయటపెట్టింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, అవును పెన్సిలిన్ ఫ్లెమింగే, పెన్సిలిన్ కథ 1928లో, దానికి ముందే జలుబు చేసిన ముక్కు చీమిడిలో బ్యాక్టీరియాని కరిగించేసేది ఏదో ఉందని పట్టుకున్నాడు. కన్నీళ్ళలో, తల్లిపాలలో, కోడిగుడ్డు తెల్లసొనలో, మన ఉమ్ములో కూడా ఇదే ఉంటుంది. బ్యాక్టీరియా పైన ఉండే గోడని కోసేస్తుంది, గోడ పోయాక అది పగిలి చస్తుంది. ఇంకోటి ల్యాక్టోఫెర్రిన్, దీని పద్ధతి వేరు, కొట్టదు, తిండి దొరకనివ్వదు. బ్యాక్టీరియా పెరగాలంటే ఐరన్ కావాలి, ఈ ప్రోటీన్ దొరికిన ఐరన్ అంతా ముందే పట్టేసుకుని కూర్చుంటుంది. పెరాక్సిడేజ్ అని ఇంకో ఎంజైమ్, ఇది నాకు మహా ఇష్టం, ఎందుకంటే నోట్లో కొన్ని బ్యాక్టీరియాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే తీస్కుని, ఉమ్ములో ఉండే థయోసయనేట్‌తో కలిపి, హైపోథయోసయనైట్ అనే మందు తయారుచేసి మళ్ళీ వాటి మీదే వేస్తుంది.

హిస్టాటిన్లు ముఖ్యంగా ఫంగస్ మీద పనిచేస్తాయి, నాలుక మీద తెల్లగా పెరుగులా పేరుకునే క్యాండిడా ఉంది చూడండి, దాన్ని అదుపులో పెట్టేవాటిల్లో ఇవి ముఖ్యమైనవి. ఐజీఏ అనే యాంటీబాడీ క్రిముల్ని పంటికి అంటుకోనివ్వదు. ఇక ఉమ్ముకి ఆ జిగట తెచ్చే మ్యూసిన్లు క్రిముల్ని ఉండలు కట్టించేస్తాయి, మనం గుటకేస్తాం, పొట్టలో యాసిడ్‌లో పడి వాటి పని ఖతం. స్టాథెరిన్ లాంటివి క్రిముల జోలికి పోకుండా కాల్షియం, ఫాస్ఫేట్ ఉమ్ములోనే కరిగి ఉండేలా పట్టి ఉంచుతాయి, పంటి పైపొర కొంచెం కరిగినప్పుడల్లా అక్కడికి ఆ కాల్షియం తిరిగి చేరుతుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇవేవీ నోటిని క్లీన్‌గా క్రిములు లేకుండా చేసెయ్యవు, చెయ్యకూడదు కూడా. నోట్లో దాదాపు 700 రకాల బ్యాక్టీరియా ఉంటాయని లెక్క, వాటిల్లో చాలావరకు మంచివో, ఏ గొడవా లేనివో. వీటి పని బ్యాలెన్స్ తప్పకుండా చూడటం. ఉమ్ము తగ్గితే వీటిల్లో ఏదో ఒక్కటి కాదు, అన్నీ కలిసే తగ్గుతాయి.

స్టెప్ 1. అద్దం ముందు నిలబడి ఉమ్ము ఎక్కడి నుంచి వస్తుందో చూడండి

ఫోన్ టార్చ్ వేస్కుని నోరు తెరిచి బుగ్గని వేలితో పక్కకి లాగండి. పై దవడలో, జ్ఞానదంతం కాకుండా వెనక నుంచి చూస్తే వచ్చే పెద్ద దంతం, దానికి ఎదురుగా బుగ్గ లోపలివైపు చిన్న బుడిపెలాంటిది కనిపిస్తుంది. అది చెవి ముందుండే పెద్ద లాలాజల గ్రంథి నుంచి వచ్చే గొట్టం నోరు. అక్కడ టిష్యూతో తడి అద్దేసి, చెవి ముందు నుంచి బుగ్గ మీదుగా మెల్లగా ముందుకి నొక్కుతూ రండి, ఒక్క చుక్క నీళ్ళలా తేటగా బయటికి రావాలి. ఇప్పుడు నాలుక పైకెత్తండి, మధ్యలో ఉండే ఆ పల్చటి తీగకి రెండువైపులా రెండు చిన్న బుడిపెలు, అవి దవడ కింద గ్రంథులవి. ఆవకాయ తలచుకోండి, ఊరికే తలచుకోండి చాలు, అక్కడ తడి ఎలా ఊరుతుందో కళ్ళారా కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి, గార ఎక్కువగా పట్టేది కింది ముందుపళ్ళ వెనకవైపు, పై పెద్ద దంతాల బుగ్గవైపు, సరిగ్గా ఈ గొట్టాలు తెరుచుకునే చోటే. ఉమ్ములో కాల్షియం ఎక్కువ కదా, పళ్ళ మీద పాచి ఉండిపోతే అది మన బోరు నీళ్ళకి బకెట్ అంచున తెల్లచార కట్టినట్టు గట్టిపడిపోతుంది. కాబట్టి బ్రష్ చేసేటప్పుడు ఈ రెండు చోట్ల కొంచెం ఎక్కువసేపు ఉండండి, చాలామంది అద్దంలో కనిపించే ముందువైపే రుద్ది వదిలేస్తారు.

నొక్కితే చుక్క రాకపోయినా, చీములా చిక్కగా వచ్చినా, అన్నం తినేటప్పుడు దవడ కింద ఉబ్బి నొప్పెట్టి తర్వాత తగ్గుతున్నా, గొట్టంలో రాయో ఇన్‌ఫెక్షనో ఉండొచ్చు, డాక్టర్ దగ్గరికెళ్ళండి.

స్టెప్ 2. కొలవండి

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ పది రూపాయల పని. మెడికల్ షాపులో సూది లేకుండా 5 ఎంఎల్ సిరంజి ఒకటి తెచ్చుకోండి, ఒక చిన్న స్టీలు గిన్నె తీస్కోండి. పొద్దున్నే మంచిది, అంతకుముందు గంట, గంటన్నర దాకా ఏమీ తినకుండా, తాగకుండా, బ్రష్ చేయకుండా, సిగరెట్ లేకుండా ఉండాలి. కుర్చీలో కూర్చుని ఒకసారి గుటకేసి, టైమర్ పెట్టి, తల కొంచెం ముందుకి వంచి, నోరు కదపకుండా, నమలకుండా, ఊరినదాన్ని ఊరినట్టు 5 నిమిషాలు గిన్నెలోకి జారనివ్వండి. ఉమ్మొద్దు, పీల్చొద్దు, జారనివ్వాలంతే. ఇంట్లోవాళ్ళు చూస్తే నవ్వుతారు, తలుపేస్కోండి. తర్వాత నురగ దిగేదాకా ఆగి సిరంజిలోకి లాగి చూడండి, నురగతో కొలిస్తే లెక్క తప్పుతుంది.

నిమిషానికి 0.3 ఎంఎల్ దరిదాపుల్లో ఉంటే మామూలే, అంటే 5 నిమిషాలకి ఒకటిన్నర ఎంఎల్. నిమిషానికి 0.1 కన్నా తక్కువ, అంటే మొత్తం మీద అర ఎంఎల్ కూడా రాకపోతే ఉమ్ము తక్కువున్నట్టే, ఇంకో రోజు మళ్ళీ కొలిచి అలాగే వస్తే డెంటిస్ట్‌కి చెప్పండి. మధ్యలో ఉంటే పరేషాన్ అవ్వక్కర్లేదు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, కింద చెప్పినవి చేస్కుంటే చాలు.

కొలవడం ఇష్టం లేదంటే ఈ గుర్తులు చూడండి. మిక్చరో బిస్కెట్టో నీళ్ళు లేకుండా మింగలేకపోవడం, రాత్రి నోరెండి రెండు మూడుసార్లు లేవడం, నాలుక అంగిట్లో అతుక్కోవడం, చిగుళ్ళ అంచున కొత్తగా పుచ్చులు రావడం, పెదాల మూలలు పగలడం.

స్టెప్ 3. ఆరిపోతుంటే ఎందుకో పట్టుకోండి

ఫస్ట్ అనుమానం మందుల మీద. ఉమ్ము తగ్గించే మందులు వందల్లో ఉన్నాయి, మన ఇళ్ళల్లో మామూలుగా కనిపించేవి చెప్పాలంటే తుమ్ములకి వేస్కునే సెట్రిజిన్, అవిల్ లాంటివి, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం మాటిమాటికీ రాకుండా ఇచ్చేవి, బీపీకి ఇచ్చే నీటిమాత్రలు. హైదరాబాద్‌లో దుమ్ముకి ఎలర్జీ మామూలే, రోజూ పడుకునే ముందు ఒక సెట్రిజిన్ వేస్కునేవాళ్ళు నాకే చాలామంది తెలుసు. అలాగని మీ అంతట మీరు మందులు ఆపేయొద్దు, ముఖ్యంగా బీపీవి, మానసిక సమస్యలకి వాడేవి అస్సలు ఆపొద్దు, డాక్టర్‌ని నోరెండిపోతుంది అని ఒక్క మాట అడగండి, వేరే మందో, టైము మార్చడమో ఏదో ఒకటి చెప్తారు.

షుగర్ అదుపులో లేకపోయినా నోరెండుతుంది, పైగా ఉమ్ములోకి కూడా గ్లూకోజ్ వస్తుంది, క్యాండిడాకి పండగ. కళ్ళు కూడా ఎండిపోయి ఇసక పడ్డట్టు ఉంటే, అందులోనూ నడివయసు ఆడవాళ్ళయితే, షోగ్రెన్స్ అనే జబ్బు ఉందేమో టెస్ట్ చేయించాలి, అందులో మన రోగనిరోధక వ్యవస్థే ఈ గ్రంథుల మీద పడుతుంది. తలకీ మెడకీ రేడియేషన్ ఇప్పించుకున్నవాళ్ళకి గ్రంథులే దెబ్బతింటాయి, వాళ్ళకి ఈ చిట్కాలు సరిపోవు, ఉమ్ము ఊరించే పైలోకార్పిన్ లాంటి మాత్రలు ఉన్నాయి, డాక్టర్ రాస్తేనే.

మిగతా కారణాలు మామూలివి. ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీల్చడం, హైటెక్ సిటీ ఆఫీసుల్లో పొద్దస్తమానం ఏసీ, నీళ్ళు తాగితే వాష్‌రూమ్‌కి లేవాల్సొస్తుందని తాగకుండా కూర్చోవడం, ఏప్రిల్ మే ఎండల్లో బండి మీద తిరగడం. ఒక బాటిల్ టేబుల్ మీద పెట్టుకుని గుక్కెడు గుక్కెడు తాగుతుండండి. ఒకేసారి లీటరు తాగేస్తే నోటికి పెద్దగా ఒరిగేదేం లేదు.

స్టెప్ 4. గ్యాప్ ఇవ్వండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. తీపి ఏదైనా నోట్లో పడ్డ కొన్ని నిమిషాల్లోనే పళ్ళ మీద పాచిలో యాసిడ్ తయారవుతుంది, పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 5.5 కిందకి పోతే పంటి పైపొర కరగడం మొదలు. అప్పుడు ఉమ్ము, అందులోని బైకార్బొనేట్ కలిసి ఆ యాసిడ్‌ని విరిచేసి మళ్ళీ మామూలు స్థితికి తెస్తాయి, కానీ దానికి అరగంట నుంచి గంట పడుతుంది. 1940లలోనే స్టీఫెన్ అనే ఆయన దీన్ని కొలిచి గ్రాఫ్ గీశాడు, ఇప్పటికీ డెంటల్ కాలేజీల్లో ఆయన పేరుతోనే చెప్తారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. పొద్దున ఇంట్లో ఒక చాయ్, ఆఫీసుకెళ్ళాక ఒకటి, పదకొండింటికి కేఫ్‌లో ఇరానీ చాయ్ రెండు ఉస్మానియా బిస్కెట్లు, అది కూడా ముచ్చట్లు పెట్టుకుంటూ ముప్పావుగంట సిప్పు సిప్పుకీ చప్పరించడం, లంచ్ తర్వాత ఖుబానీ కా మీఠా, నాలుగింటికి మళ్ళీ చాయ్ సమోసా, మధ్యలో జేబులో చాక్లెట్. ఉమ్ము ఒక యాసిడ్‌ని సర్దేలోపు ఇంకోటి వచ్చి పడుతుంది, దానికి ఊపిరాడనిచ్చే టైమే లేదు. చాయ్ మానమని నేను చెప్పను, హైదరాబాద్‌లో ఉండి అది చెప్తే ఎవడు వింటాడు. ఇలా చేయండి. తాగేదేదో పది నిమిషాల్లో తాగేసి అయిపోయిందనిపించండి, బిస్కెట్, స్వీటు విడిగా కాకుండా టిఫిన్‌తోనో భోజనంతోనో కలిపి తినేయండి, తర్వాత ఒక గుటక నీళ్ళతో పుక్కిలించండి, మళ్ళీ రెండు గంటల దాకా నోట్లో నీళ్ళు, కింద స్టెప్ 5లో చెప్పే షుగర్‌లేని గమ్, సోంపు లాంటివి తప్ప ఏమీ వెయ్యకండి. మొత్తం ఎంత తీపి తిన్నారన్నది ముఖ్యమే, కానీ ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్ళకి ఇంకా ముఖ్యం.

రంజాన్‌లో రోజా ఉండేవాళ్ళకి, ఏకాదశి ఉపవాసాలవాళ్ళకి ఒక మాట. పగలంతా నమలడం ఉండదు కాబట్టి ఉమ్ము తక్కువ ఊరుతుంది, నోరు వాసన వచ్చేది అందుకే. తెల్లవారకముందు తినే సహరీ అయ్యాక తప్పకుండా బ్రష్ చేస్కోండి, ఇఫ్తార్‌లో ఖర్జూరం పళ్ళకి బాగా అతుక్కుంటుంది కాబట్టి తిన్న వెంటనే నీళ్ళతో పుక్కిలించేయండి.

స్టెప్ 5. నమలండి

నమిలితే ఊరుతుంది, పుల్లగా తగిలితే ఊరుతుంది. నమిలినప్పుడు ఊరే ఉమ్ములో బైకార్బొనేట్ కూడా ఎక్కువ, అందుకే అది యాసిడ్‌ని ఇంకా బాగా విరుస్తుంది. భోజనం తర్వాత షుగర్‌లేని చూయింగ్ గమ్ ఒక 20 నిమిషాలు నమిలితే మంచిదే, జైలిటాల్ (చక్కెరకి బదులు వేసే తీపి) ఉన్నది దొరికితే ఇంకా మంచిది, దాన్ని పుచ్చులు చేసే బ్యాక్టీరియా తిని యాసిడ్ చేయలేదు. ఇంట్లో కుక్క ఉంటే ఆ ప్యాకెట్ దానికి అందకుండా పెట్టండి, జైలిటాల్ కుక్కలకి విషం. గమ్ నచ్చకపోతే సాదా సోంపు, ఒక యాలక్కాయ నమలండి. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే రంగురంగుల చక్కెర సోంపు కాదు, పటికబెల్లం ముక్కలు అస్సలు కాదు. క్యారెట్, జామకాయ, కీర దోసకాయ లాంటివి భోజనంలోకి తెచ్చుకున్నా పనవుతుంది. నిమ్మకాయ చప్పరిస్తే ఊరుతుంది కదా అని రోజంతా చప్పరించకండి, ఉమ్ము తక్కువున్నవాళ్ళకి ఆ పులుపే పళ్ళని తినేస్తుంది.

నమలడం అంటే గుట్కా కాదు. వక్క రోజూ నమిలితే బుగ్గల లోపల కండ గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోతుంది, క్యాన్సర్‌కి దారి అదే. మీ మూడు వేళ్ళు నిలువుగా పెడితే పళ్ళ మధ్య పట్టాలి, పట్టకపోతే ఈ వారమే చూపించుకోండి. 2024 మేలో తెలంగాణ ప్రభుత్వం గుట్కా, పాన్ మసాలా మీద మళ్ళీ నిషేధం ఆర్డర్ ఇచ్చింది, పాన్ డబ్బాల దగ్గర సంగతి మీకూ తెలుసు నాకూ తెలుసు. సిగరెట్ సంగతికొస్తే, పొగ తగిలితే పైన చెప్పిన పెరాక్సిడేజ్ పని పడిపోతుంది, అది చాలదా.

స్టెప్ 6. రాత్రి బ్రష్షు మాత్రం మానొద్దు

నిద్రలో ఉమ్ము ఊరడం దాదాపు ఆగిపోతుంది. అంటే రాత్రి పళ్ళ మధ్య ఇరుక్కున్నదానికి ఏడెనిమిది గంటలు ఎవరూ అడ్డు లేరు. పొద్దున ఒక్కసారే చేసే అలవాటున్నవాళ్ళు, రెండిట్లో ఒక్కటే కుదురుతుందంటే రాత్రిది ఉంచుకోండి అంటాను నేను, కుదిరితే రెండూ. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, మన దగ్గర మామూలుగా 1000 పిపిఎమ్ దాకా ఉంటుంది, రెండు నిమిషాలు, తర్వాత నురగ ఉమ్మేయండి చాలు, గ్లాసుడు నీళ్ళతో పుక్కిలించి ఉన్న ఫ్లోరైడ్ అంతా కడిగేయకండి. ఆ కొంచెం ఫ్లోరైడ్, ఉమ్ములో కాల్షియం కలిసే పంటిని మళ్ళీ గట్టిచేస్తాయి. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. నల్గొండ వైపు ఊళ్ళలో బోరు నీళ్ళే తాగే ఇళ్ళయితే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో టెస్ట్ చేయించి, పిల్లల పేస్టు గురించి డెంటిస్ట్‌ని అడిగి వాడండి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు.

బ్రష్ అయ్యాక నీళ్ళు తప్ప ఏదీ వద్దు, పిల్లలకి పంచదార పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం అసలే వద్దు. పెద్దవాళ్ళు కట్టుడుపళ్ళు తీసేసి శుభ్రంగా కడిగి నీళ్ళలో వేసి పడుకోవాలి. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కొట్టుకునేవాళ్ళు కొట్టుకున్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే హిస్టాటిన్లు ఎన్నున్నా నాలుక మీద తెల్లపూత తప్పదు.

స్టెప్ 7. అనవసరమైనవి ఆపండి

అడ్వర్టైజ్‌మెంట్ చూసి మంటపుట్టే మౌత్‌వాష్ రోజుకి మూడుసార్లు పొయ్యకండి. ఆల్కహాల్ ఉన్నవి ఎండిన నోటిని ఇంకా ఎండిస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ మంచి మందే, కానీ మందు, చిగుళ్ళకి ట్రీట్‌మెంట్ అయ్యాక డెంటిస్ట్ చెప్పినన్ని రోజులే, ఎక్కువ రోజులు వాడితే పళ్ళు గోధుమరంగు పడతాయి, రుచి కూడా తేడా కొడుతుంది. నోరు ఎండుతుంటే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు టీస్పూను వంటసోడా వేసి పుక్కిలించండి, అగ్గువ, మంట ఉండదు, యాసిడ్ విరుగుతుంది. నువ్వులనూనె పుక్కిలించడం ఇష్టమైతే చేస్కోండి, బ్రష్షుకి బదులుగా మాత్రం కాదు. వేపపుల్లా అంతే, నమిలితే ఉమ్ము ఊరుతుంది, అది దాని లాభం, గట్టిగా రుద్ది చిగుళ్ళు కోసుకోకపోతే చాలు. లైసోజైమ్, ల్యాక్టోఫెర్రిన్ కలిపిన పేస్టులూ జెల్‌లూ కూడా అమ్ముతున్నారు, నోరెండినవాళ్ళకి కొంచెం హాయిగా ఉంటుంది, అంతకుమించి సొంత ఉమ్ముకి సాటి వస్తాయని ఆశించి డబ్బులు తగలేయకండి.

ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో తేడా లేకపోతే, లేదా నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే చూపించుకోవాల్సిందే, పుండు సంగతి అయితే ఇంకొక్క రోజు కూడా ఆగొద్దు. ప్రైవేటులో ఖర్చని భయపడేవాళ్ళకి అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ హాస్పిటల్ ఉంది, పొద్దున్నే వెళ్ళండి, లైను ఉంటుంది. వెళ్ళేటప్పుడు వేస్కునే మందుల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదంవీ హోమియోవీ కూడా, ఒక కవర్లో వేస్కుని తీస్కెళ్ళండి, సిరంజితో కొలిచిన నంబర్, ఏ తారీఖున కొలిచారో ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి.